సూది దూకని ఇల్లు

జూన్ 3

పాత ప్లేయర్ ఇవాళ పూర్తిగా పోయింది. నెల రోజులుగా మూలుగుతూనే ఉంది. పళ్లెం తిరుగుతుంది గానీ తిరగాల్సినంత వేగంగా తిరగదు. వయొలిన్ రికార్డు పెడితే జ్వరంలో ఉన్న మనిషి మాట్లాడినట్టు సాగదీస్తోంది. మోటారు విప్పి చూశాను. బాగుచేయడానికి లోపల ఏమీ మిగల్లేదు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన యంత్రాన్ని తిట్టడానికి నోరు రాలేదు. మూత వేసేసి చేతులు కడుక్కున్నాను.

ఆంప్లిఫయర్ నిక్షేపంగా ఉంది. స్పీకర్లు సరేసరి. వాటికి తగ్గ ప్లేయర్ ఒకటి చూసుకుంటే చాలు. ఆ మాటే మా ఆవిడతో అన్నాను.

"తొందరగా కొనండి. ఫిబ్రవరి నుంచి ఈ ఇంట్లో మాట్లాడేది ఆ పెట్టె ఒక్కటే. అదీ పోతే ఇక నేనూ, గోడలూ" అంది.

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

జూన్ 5

ఆఫీసు నుంచి నేరుగా సూదాయన దగ్గరికి వెళ్లాను. రికార్డులు, ప్లేయర్లు అమ్ముతాడు. భూతద్దంలో సూది మొన చూసి, అది ఎన్ని రికార్డుల్ని పాడుచేసిందో చెప్పేస్తాడు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ కొనేవాళ్లందరికీ ఆయన సూదాయనే.

"ముందు మీ ఇల్లు చెప్పండి సార్. యంత్రం సంగతి తర్వాత" అన్నాడు.

చెప్పాను. మేడ మీద వాటా. కింద, ఫొటోలకు ఫ్రేములు కట్టే తాతగారి దుకాణం. హాలు పదహారు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు. రెండు గోడలు ఇటుకవి, రెండు చెక్క పలకలవి.

"నేల?"

"చెక్క."

"అయ్యయ్యో" అన్నాడు, ఎవరో పోయారని విన్నట్టు. "ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరం."

"పిల్లలు?"

"లేరు."

"గెంతేవాళ్లు లేరన్నమాట. కొంత నయం."

ఆవిడ మోకాలి సంగతి చెప్పలేదు. ప్లేయర్ కొనడానికి వెళ్లి ఆస్పత్రి కబుర్లు ఎందుకు?

మంచివాటిలో రెండు రకాలున్నాయట. ఒకటి బరువుది. కిందంతా రాయిలాంటి దిమ్మ, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. దాన్ని ఇటుక గోడకు ఇనుప బ్రాకెట్లు కొట్టి నిలబెట్టాలి. రెండోది స్ప్రింగులది. పళ్లెమూ, సూది ఉండే చెయ్యీ మూడు స్ప్రింగుల మీద తేలుతూ ఉంటాయి. నా స్పీకర్ల గురించి విన్నాక, స్వరానికైతే స్ప్రింగులదే సరిజోడు అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"కానీ మీకు వద్దు సార్. చెక్క నేల మీద స్ప్రింగుల యంత్రమంటే ఉయ్యాల్లో పెట్టిన పాలగిన్నె. ఒక్క అడుగు పడిందంటే తొణుకుతుంది. బరువుది తీసుకోండి. కాస్త మొద్దుగా పలుకుతుంది, కానీ కదలదు."

విని చూస్తానన్నాను. స్ప్రింగుల దాని మీద వేణువు రికార్డు పెట్టాడు. పాట కంటే ముందు, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అరగంట కూర్చున్నాను. ఆ అరగంటా నా చెవుల్లో ఇంకే చప్పుడూ లేదు.

జూన్ 8

ఆవిడను కసరత్తు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చూడ్డానికి కాలేజీ పిల్లలా ఉంటుంది గానీ నోరు మాత్రం హెడ్మాస్టరుది. మోకాలు వంచి కొలత పెట్టింది. డెబ్బై ఒకటి డిగ్రీలు. ఆవిడ మళ్లీ ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని వీధిలోకి దిగాలంటే నూట పది రావాలి. ఇంటింటికీ మెట్లెక్కాలి కదా. సెప్టెంబర్ ఆఖర్లో తపాలా ఆఫీసు డాక్టర్ల పరీక్ష. అది తప్పితే వీధులుండవు, వెనక గదిలో కూర్చుని ఉత్తరాలు వేరుచేసే పని ఇస్తారు.

"కిటికీ కూడా లేని గది అది. అందులో కూర్చోబెడితే నేను ఆర్నెల్లు బతకను" అంది ఆవిడ. పంతొమ్మిదేళ్లుగా మూడు వందల పన్నెండు ఇళ్లకు పోస్టమ్మ. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి ముసలావిడకు ఉత్తరం చదివి పెట్టాలో ఆమెకే తెలుసు.

డాక్టరమ్మ చెప్పింది: "రోజూ సాయంత్రం ఆరింటికి అరగంట నడవాలి. హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి. నొప్పి పుడుతుంది, అయినా ఆపకూడదు. పక్కన మనిషి లేకుండా మాత్రం అడుగు వేయొద్దు. పడితే ఆపరేషన్‌లో వేసిన స్క్రూలు కదులుతాయి." నావైపు తిరిగి, "వింటున్నారా అండీ?" అంది.

"వింటున్నానమ్మా" అన్నాను.

జూన్ 9

మొదటి రోజు నడక. నేను పక్కనే ఉన్నాను.

ముందు కర్ర ఠక్కుమంటుంది. తర్వాత ఆ కాలు చెక్క మీద సర్రున ఈడ్చుకొస్తుంది. తర్వాత మంచి కాలు ధబ్బున పడుతుంది. ఠక్, సర్ర్, ధబ్. అటూ ఇటూ పద్నాలుగు సార్లు. ఆవిడ పెదవి కొరుక్కుని నడిచింది.

నాకు తలనొప్పి వచ్చింది. పొద్దుటి నుంచి బజారులో తూకాలు తనిఖీ చేస్తూ ఎండలో తిరిగాను, అందుకే.

జూన్ 12

ఏది కొనాలో తేల్చుకునేదాకా వాడుకోమని సూదాయన ఒక మామూలు ప్లేయర్ ఇచ్చాడు. నడుస్తున్నప్పుడు పాట ఉంటే బాగుంటుందని ఆవిడే అంది. పెట్టాను. మూడో అడుగుకే సూది ఎగిరి, రికార్డు మీద నాలుగు గాళ్ల అవతల పడింది.

ఆవిడ పకపకా నవ్వింది. "నా అడుగుకి ఇంకా ఇంత బలముందన్నమాట!"

జూన్ 14

ప్లేయర్ కింద స్పాంజి పెట్టాను. దూకింది. గచ్చు పలక పెట్టాను. దూకింది. టెన్నిస్ బంతులు సగానికి కోసి నాలుగు మూలలా బోర్లించాను. ఇంకా ఎక్కువ దూకింది. సూది మీద బరువు పెంచితే దూకడం తగ్గుతుంది గానీ గాడి అరిగిపోతుంది. నేను తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్‌ని. రెండు గ్రాములుండాల్సిన చోట మూడు పెట్టడం నా వల్ల కాదు.

ఇదంతా సర్దుతూ ఉండటంతో ఆవిడ పక్కన నడవడం కుదర్లేదు. గోడ పట్టుకుని నడిచింది.

జూన్ 17

రికార్డు ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు. సూది దూకినవి తొమ్మిది సార్లు. తొమ్మిదోసారి వయొలిన్ రికార్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత పడింది. పెళ్లికి ముందు కొన్న రికార్డు.

"ఒక్క పావుగంట ఆగలేవా?" అన్నాను. అన్నాననడం తక్కువే, అరిచాను.

ఆవిడ హాలు మధ్యలో, కర్ర ఎత్తి పట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

"ఆగాను కదా" అంది.

జూన్ 18

నిన్న అలా అనకుండా ఉండాల్సింది. కానీ రికార్డు మీద గీత పడిన మాట మాత్రం నిజం.

జూన్ 22

శుభవార్త. ఎనభై ఎనిమిది డిగ్రీలు! డాక్టరమ్మ ఆవిడ భుజం తట్టి, "ఇలాగే నడిస్తే సెప్టెంబర్‌కి మీరు పరిగెత్తుతారు పోస్టమ్మగారూ" అంది.

ఇంటికొచ్చాక ఆ ఉత్సాహంలోనే అడిగాను. "సాయంత్రమే ఎందుకు? నేను ఆఫీసులో ఉన్నప్పుడు పొద్దున నడిస్తే నీకూ ప్రశాంతం, నాకూ ప్రశాంతం."

ఆవిడ కర్ర గోడకు ఆనించింది.

"సరే. పొద్దున నడుస్తాలెండి" అంది.

ఇంత చిన్న విషయానికి ఇన్ని రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాం. మాట్లాడుకుంటే తీరని సమస్య ఉండదు.

జూలై 1

స్ప్రింగులదే కొన్నాను. సూదాయన చివరి దాకా వద్దంటూనే ఉన్నాడు. "తర్వాత నా దగ్గరికొచ్చి తల కొట్టుకోవద్దు సార్" అన్నాడు. యంత్రం అమ్మేవాడు వద్దనడం, కొనేవాడు కావాలనడం నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు.

మధ్యాహ్నమంతా బిగింపు సరిపోయింది. చెక్క గోడకు అర కొట్టి దాని మీద పెట్టాను. అక్కడైతే రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. నాలుగు మూలలా మట్టం చూశాను. సూది బరువు ఒకటీ ముప్పావు గ్రాము. ఆఫీసు తూకపు రాళ్లతో సరిచూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడ కుర్చీలోంచి చూస్తూ, "నాకు పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత పరీక్ష జరగలేదు" అంది.

సాయంత్రం ప్లేయర్ పక్కనే కుర్చీ వేసుకుని వేణువు విన్నాను. రెండు వైపులూ.

దూకలేదు.

జూలై 2

దూకలేదు.

జూలై 4

ఇవాళ మూడు రికార్డులు. ఒక్కసారి కూడా దూకలేదు. సూదాయనకు ఫోన్ చేసి చెప్పాను. "నిజంగానా?" అన్నాడు. "మీ అర ఎవరు కొట్టారు సార్?" అన్నాడు. నేనే అన్నాను. గర్వంగానే అన్నాను, తప్పేముంది?

జూలై 9

ఆవిడకు కూడా సంగీతం పట్టుబడుతోంది. ఇదివరకు పాట మధ్యలో లేచి ఏదో ఒక పని పెట్టుకునేది. ఇప్పుడు నేను సూది ఎత్తేదాకా కుర్చీలోంచి కదలదు. మంచినీళ్లకు కూడా రికార్డు తిరగేసేటప్పుడే లేస్తుంది. పెద్ద కచేరీల్లో కూడా ఇంత మర్యాద కనిపించదు.

జూలై 14

మెట్ల దగ్గర ఫ్రేముల తాతగారు పట్టుకున్నారు.

"ఏమోయ్, ఊరెళ్లారా? పైన అలికిడే లేదు!"

"ఇంట్లోనే ఉన్నాం తాతగారూ. కుర్చీలకూ, బల్లలకూ అన్నిటికీ కింద రబ్బరు ముక్కలు వేశాను."

"పగలు కూడా చప్పుడు లేదయ్యా. ఇదివరకు అమ్మాయి నడుస్తుంటే నా గోడ మీద ఫ్రేములు గలగలమనేవి. ఆ చప్పుడు వింటే, పోన్లే పిల్ల కోలుకుంటోంది అనుకునేవాణ్ని."

రబ్బరు గొప్పదనమంటే అదీ. ఇంటికొచ్చి ఆవిడకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. కిటికీ వైపు తిరిగి, వీధిలో ఎవరో వెళ్తుంటే చూస్తూ కూర్చుంది.

జూలై 20

డాక్టరమ్మ దగ్గరికి ఇవాళ తన ఆఫీసు స్నేహితురాలి కారులో వెళ్లొచ్చింది. నాకు మార్కెట్ తనిఖీ పడింది. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంది. మంచిది.

జూలై 28

దూకలేదు.

ఆగస్టు 4

ఆవిడ బదులు ఉత్తరాలు పంచే కుర్రాడి మీద వీధిలో అందరికీ ఫిర్యాదులే. నాకూ రెండిళ్ల అవతలి ఉత్తరం ఇచ్చాడు. "పోస్టమ్మ ఎప్పుడొస్తుంది?" అని ఎదురింటాయన అడిగితే, "అక్టోబర్‌లో" అని ఘంటాపథంగా చెప్పాను. ఆవిడ లోపల నుంచి విన్నది. "అందరికీ చెప్పకండి" అంది. దిష్టి తగులుతుందనేమో.

ఆగస్టు 9

ఆవిడ కాస్త లావెక్కింది. తిండి బాగా పడుతోందన్నమాట.

ఆగస్టు 11

దూకలేదు. నలభై ఒక్క రోజులు.

ఆగస్టు 18

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

సూదాయన వచ్చాడు. చెక్క నేల మీద, చెక్క గోడకు కొట్టిన అర మీద, స్ప్రింగుల యంత్రం నలభై ఎనిమిది రోజులు దూకకుండా ఆడిందంటే కళ్లారా చూడాల్సిందేనని ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసుకుని మరీ వచ్చాడు. నేను వేణువు పెట్టాను. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ముగ్గురం కూర్చుని విన్నాం. సూది నున్నగా సాగిపోతోంది. నేను మీసం మెలేసినంత పనిచేశాను.

సూదాయన తల ఊపుతూ, అరను దగ్గర నుంచి చూద్దామని లేచాడు. సన్నటి మనిషి. చెప్పులు కూడా లేవు. ఒక అడుగు వేశాడు.

సూది ఎగిరింది. గాళ్ల మీదుగా గీరుకుంటూ రికార్డు మధ్య దాకా పోయింది. రెండు స్పీకర్లూ ఒక్కసారి కీచుమన్నాయి.

ఆయన అక్కడే ఆగిపోయాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ ఒక అడుగు వేశాడు, ఈసారి పిల్లిలా. మళ్లీ ఎగిరింది. మూడోసారి నేనే నడిచి చూశాను. అదే వరస.

"నేను చెప్పింది ఇదే కదా సార్" అన్నాడు. యంత్రం కేసి చూశాడు, నాకేసి చూశాడు. అమాయకంగా అడిగాడు: "నలభై ఎనిమిది రోజులు... మీ ఇంట్లో ఎవరూ నడవరా?"

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ తన మోకాలి వైపు చూసుకుంటోంది.

సూదాయనకు అప్పుడే గోడకు ఆనించిన కర్ర కనిపించింది. "వస్తాను సార్" అని గబగబా మెట్లు దిగిపోయాడు.

"పొద్దున నడుస్తున్నావుగా?" అన్నాను.

"లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీరు పొద్దున నడవమన్న మర్నాటి నుంచి. మొదటి రోజు లేచాను. సగం దూరం వెళ్లాక కర్ర జారింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. మీరు వచ్చేలోపు పాక్కుంటూ కుర్చీ దగ్గరికి చేరాను. ఆ తర్వాత భయమేసింది. పక్కన మనిషి ఉండాలందిగా డాక్టరమ్మ."

పక్కన ఎవరుంటారని నేను అడగలేదు. రెండు నెలలుగా ఒక్కసారి కూడా అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

కార్డు ఇవ్వమన్నాను. సంచీలోంచి తీసి ఇచ్చింది. డాక్టరమ్మ రాసిన అంకెలు వరసగా ఉన్నాయి. డెబ్బై ఒకటి. ఎనభై ఎనిమిది. డెబ్బై అయిదు. అరవై నాలుగు. యాభై ఎనిమిది.

కొట్టువాడి తక్కెడ అర గ్రాము అటూ ఇటూ అయితే కేసు రాసే మనిషిని నేను. నా ఇంట్లో ఈ అంకెలు పడిపోతుంటే నాకు తెలియలేదు.

ఆగస్టు 19

యాభై ఎనిమిది.

ఆగస్టు 21

సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఆవిడను ఏమీ అనలేదు. నన్ను గది బయటికి పిలిచి కడిగేసింది.

"లోపల కండ మోకాలికి అతుక్కుపోయిందండీ. జూలై, ఆగస్టు నెలలే కీలకం. అందుకే కదా అంత గట్టిగా చెప్పాను? నెల నుంచి మిమ్మల్ని రమ్మంటుంటే మీకు ఆఫీసులో తీరిక లేదని ఆవిడ చెబుతోంది. మీరు ఏం చేస్తున్నారసలు?"

ఏం చేస్తున్నాను? ప్లేయర్ చూసుకుంటున్నాను.

ఇప్పటికైనా నడిస్తే కొంత వస్తుందట. ఎంత వస్తుందో చెప్పలేనంది.

ఆగస్టు 22

ప్లేయర్ ప్లగ్గు పీకేశాను. సాయంత్రం ఆరింటికి ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించాను. ఆరుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి ఒళ్లంతా చెమట. అరవకుండా ఉండటానికి చీర కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది.

ఠక్, సర్ర్, ధబ్.

ఆగస్టు 24

ఫిబ్రవరి సంగతి ఇందులో ఇప్పటిదాకా రాయలేదు. రాస్తాను.

స్కూటర్ నేను నడుపుతున్నాను. ఆవిడ వెనక కూర్చుంది. వాన లేదు, రద్దీ లేదు. మలుపు దగ్గర ఒక కొట్టు ఉంది. ఆ కొట్టువాడు తూస్తూ పళ్లెం కింద వేలు పెట్టినట్టు అనిపించింది. తల తిప్పి చూశాను. అది నా డ్యూటీ కూడా కాదు, ఆరోజు సెలవు. మళ్లీ తల తిప్పేసరికి ముందు లారీ ఆగి ఉంది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆవిడ మోకాలు నలిగిపోయింది.

బ్రేకు పడలేదని అందరికీ చెప్పాను. ఆస్పత్రిలో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, ఆవిడకూ అదే చెప్పాను. నా వెనకే కూర్చున్న మనిషికి నా తల ఎటు తిరిగిందో కనిపించదా?

ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

ఆగస్టు 27

ఇవాళ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయింది.

"ఆ పెట్టె పెట్టండి" అంది.

"వద్దు. దూకుతుంది."

"దూకితే దూకనివ్వండి. పాట లేకపోతే నేను నడవలేను."

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు. మీ మొహం." గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. "నేను అడుగేసిన ప్రతిసారీ మీ మొహం ఎలా అవుతుందో మీకు తెలీదు. మొదటి రోజు నుంచీ చూస్తున్నా. ఎవరో మీ చెంప మీద కొట్టినట్టు. నేను ఆగింది సూది కోసమనుకున్నారా? సూది దూకితే నాకేం? మీరు నా నడక వినలేకపోతున్నారని ఆగాను."

నేను నేల మీద కూలబడ్డాను. ఆరోజు నేనే తల తిప్పానని, బ్రేకులో తప్పేమీ లేదని ఆవిడతో చెప్పాను. ఏడుపు ఆగలేదు. ఆవిడ కర్ర పట్టుకుని నా పక్కన నిలబడింది. కిందికి వంగలేదుగా.

"తెలుసు. కొట్టు పేరు కూడా గుర్తుంది నాకు. లేవండి, ఇంకా నాలుగుసార్లు నడవాలి" అంది.

ఆగస్టు 29

స్ప్రింగులది సూదాయనకు తిరిగి ఇచ్చేశాను. బరువుది ఆయనే ఇంకో మనిషిని తోడు తెచ్చుకుని మేడ మీదికి మోశాడు. ఇటుక గోడకు కంతలు పెట్టి, ఇనుప బ్రాకెట్లు బిగించాడు. వేణువు కాస్త మొద్దుగానే పలికింది, ఊపిరి వినిపించలేదు.

"అమ్మా, ఒకసారి నడవండి" అన్నాడు సూదాయన.

ఆవిడ లేచింది. ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. ప్లేయర్ ముందు నిలబడి కర్రతో నేల మీద రెండు పోట్లు పొడిచింది.

సూది చెక్కు చెదరలేదు.

"జూన్‌లోనే చెప్పాను కదా సార్" అన్నాడాయన. అని, నాలిక కరుచుకున్నాడు.

సెప్టెంబర్ 6

అరవై మూడు. రోజుకు రెండుసార్లు నడుస్తున్నాం. నేను పక్కనే ఉంటున్నాను.

సెప్టెంబర్ 15

అరవై తొమ్మిది. కింద గోడకు ఫ్రేములు మళ్లీ గలగలమంటున్నాయని తాతగారు మెట్లెక్కి మరీ వచ్చి చెప్పారు. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని, "నడు తల్లీ, నా ఫ్రేములు పడిపోయినా పరవాలేదు" అన్నారు. ఆవిడ నవ్వింది. నేను లోపలికి వెళ్లిపోయాను.

సెప్టెంబర్ 22

డెబ్బై మూడు. వారం నుంచి అక్కడే ఉంది. డాక్టరమ్మ కొలత రెండుసార్లు పెట్టి చూసింది. నేను మూడోసారి పెట్టమన్నాను. పెట్టింది. డెబ్బై మూడే.

సెప్టెంబర్ 28

పరీక్ష అయింది. ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. అయిదు మెట్లున్న చెక్క దిమ్మ తెచ్చి ఎక్కమన్నారు. రెండు మెట్లు ఎక్కింది. మూడో దానికి కాలు లేవలేదు. చేత్తో మోకాలు పట్టి ఎత్తబోయింది. పెద్దాయన, "చాలమ్మా, చాలు" అన్నాడు.

"ఇంకో రెండు నెలలు ఆగి చూడకూడదా?" అని నేను అడిగాను.

"జూన్‌లో ఎనభై ఎనిమిది ఉంది కదండీ. తర్వాత ఏమైంది?" అన్నాడాయన, కార్డు తిప్పుతూ.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది: "నేనే బద్ధకించాను సార్."

అక్టోబర్ 1

ఇవాళ్టి నుంచి వెనక గదిలో పని. తీసుకెళ్లి దించాను, సాయంత్రం తీసుకొచ్చాను. ఎలా ఉందని అడిగాను. ఇవాళ అన్నీ అడిగాను. ఎన్ని ఉత్తరాలు, కుర్చీ ఎత్తు ఎంత, పక్కన ఎవరు కూర్చుంటారు.

"ట్యూబులైట్ ఒకటి గీపెడుతుంది" అంది. అంతే.

అక్టోబర్ 5

ఆవిడ వీధులు ఇక ఆ కుర్రాడివే. వాడికి ఇవ్వడానికి, ఇంటింటి సంగతీ రాసి పెట్టాలంది. రోజంతా ఉత్తరాలు వేరుచేసి చెయ్యి నొప్పి పుడుతోందని నన్ను రాయమంది. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాం. ఆవిడ కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"ఒకటో ఇల్లు. గేటు గడియ పైకెత్తి తొయ్యాలి. ఏడు మెట్లు. ఏడో మెట్టు పగిలింది, ఎడమ పక్క నుంచి ఎక్కమనండి. రెండో ఇల్లు. కుక్క. అరుస్తుంది గానీ ఏమీ చెయ్యదు. మూడో ఇంట్లో ఉత్తరం తలుపు కింద నుంచి తొయ్యొద్దు, ఆయనకు వంగడం రాదు. చేతికే ఇవ్వాలి."

నేను రాస్తున్నాను. నలభై ఇళ్లయ్యాయి. ఆవిడ ఊపిరి బరువుగా వస్తోంది, నుదుటి మీద చెమట పట్టింది. కుర్చీలో ఉన్న ఆ కాలు ఒక్కో ఇంటికీ కొద్దికొద్దిగా కదులుతోంది.

"అలిసిపోయావు. మిగతావి రేపు రాద్దాం" అన్నాను.

కళ్లు తెరవలేదు.

"వద్దండీ. నలభై ఒకటో ఇంటి మెట్ల మధ్యలో ఉన్నాను. ఇక్కడ వదిలెయ్యకండి."

కలం మళ్లీ తీశాను. మూడు వందల పన్నెండో ఇంటి దాకా ఆవిడ పక్కనే ఉన్నాను.